పొగ కావాలన్న వీధి

పొగగొట్టం మీద ఏమీ కనబడకపోతే గాలి శుభ్రంగా ఉందని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫ్యాక్టరీ గోడ మీద ఆకుపచ్చ బోర్డు పెట్టి, నీలాకాశం కింద నిగనిగలాడే గొట్టం బొమ్మ వేయించి, పక్కన రెండు పిచ్చుకలను కూడా వేయిస్తారు. ఆ బోర్డు రాయించిన మనిషి చేత ఆ గొట్టానికి గాలివాటున ఒక వారం కాపురం పెట్టించాలి. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు, ముఖ్యంగా తలుపు మీద ‘పర్యావరణ విభాగం’ అని రాసి ఉన్న గదుల్లో కూర్చోబోయే పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. పైవాళ్లు చదివినా ప్రయోజనం లేదు. వాళ్లకు ఇదంతా ముందే తెలుసు.

నా చివరి ఉద్యోగం మైదుకూరు దాటాక ఒక నేతగాళ్ల ఊరి పక్కనున్న టైల్స్ ఫ్యాక్టరీలో. ఊరి పేరు, ఫ్యాక్టరీ పేరు, మనుషుల పేర్లు రాయను. ఎర్రగుంట్లలో ఏళ్ల తరబడి సిమెంటు దుమ్ము తిన్నవాణ్ణి కాబట్టి ఇక్కడ సుఖంగా ఉంటుందనుకొని వచ్చాను. నాకు అప్పగించింది స్క్రబ్బరు. కొలిమి నుంచి వచ్చే పొగను కడిగి బయటికి పంపే పెద్ద టవరు అది.

దాని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కొలిమిలో చవక బొగ్గు వాడేవాళ్లు. చవక బొగ్గులో గంధకం ఎక్కువ. అది కాలితే వచ్చే వాయువు కంటికి కనబడదు, కానీ తడి ఎక్కడ తగిలితే అక్కడ ఆమ్లమైపోతుంది. దానికి విరుగుడు మన కాళ్ల కిందే ఉంది. మన ఇళ్లలో నాపరాయి బండల మీద నిమ్మరసం పడితే బుసబుసమని నురుగొచ్చి తెల్లమచ్చ పడుతుంది కదా, అమ్మలు అందుకే తిడతారు కదా. ఆ రాయిలో ఉన్నది సున్నమే, పులుపు కనబడితే పట్టుకొని వదలదు. మా టవరులో జరిగేదీ అదే. పైనుంచి సున్నపుపాలు జల్లుగా పడుతుంటాయి, కిందినుంచి పొగ పైకెక్కుతుంటుంది. ఆమ్లాన్ని సున్నం పట్టేసుకొని బురదగా అడుక్కి దిగుతుంది. తడిసి చల్లబడిన పొగ గొట్టంలోంచి తెల్లటి ఆవిరిగా, దట్టంగా బయటికొస్తుంది. చూడటానికి భయంగా ఉంటుంది. నిజానికి అందులో ఉండేది చాలావరకు నీటి ఆవిరే.

స్క్రబ్బరు నడపడంలో చెప్పడం నా వంతు, చేయడం సున్నం కలిపే మా భాయ్ వంతు. డోన్ వైపు నుంచి లారీల్లో వచ్చే సున్నపు బస్తాలు దించి, తొట్లో కలిపి, పాలు పలుచనైతే చిక్కచేసి, చిక్కనైతే పలుచన చేసి, ఆ టవరుకు అన్నం పెట్టినవాడు ఆయనే. ఫ్యాక్టరీ అంతా ‘సున్నం భాయ్’ అని పిలిచేది. కాల్చిన సున్నం చేతుల తోలు తినేస్తుంది. ఆయన అరచేతులు ఎండాకాలపు చెరువులా బీటలు వారి ఉండేవి. పని దిగగానే కొబ్బరినూనె రాసుకొని, టీ గ్లాసును వేళ్లతో కాక రెండు మణికట్ల మధ్య పట్టుకొని తాగేవాడు. గ్లౌజులు ఇమ్మని నేను అడగని నెల లేదు. ఇచ్చేవాళ్లు, పెళ్లిలో వడ్డించేవాళ్లు వేసుకునే రకం పలుచటివి. అవి మొదటి బస్తా దగ్గరే చిరిగిపోయేవి.

నేను అద్దెకున్నది నేతగాళ్ల వీధిలో, ఒక మగ్గం ఇంటి పైగదిలో. ఇంటి ఓనరమ్మ భర్త పోయిన మనిషి. మగ్గం ఆమే నేస్తుంది, కూతురు కండెలకు నూలు చుట్టి ఇస్తుంది. నూలు సావుకారు ఇస్తాడు, నేసి ఇస్తే కూలి. పడుగు ఒకసారి పాడైతే తిట్టి ఊరుకుంటాడు. రెండోసారి పాడైతే నూలు ఇంకో ఇంటికి పోతుంది, ఈ ఇంట్లో కాళ్లు దించి కూర్చొని నేసే మగ్గం గుంటకు చెక్క మూత పడుతుంది. ఆ వీధిలో అలా మూతలు పడ్డ గుంటలు చాలానే ఉన్నాయి. మా ఓనరమ్మకు ఉన్న భయమల్లా అదొక్కటే.

తెల్లవారుతూనే ఆ వీధిలో పడుగులు పరుస్తారు. చీరకు నిలువుగా ఉండే పోగులన్నిటినీ వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఎండ ఎక్కితే గంజి బిరుసెక్కుతుంది కాబట్టి అంతా పొద్దున్నే జరగాలి. పరిచిన పడుగును ఎవరూ దాటరు. పాలవాడు సైకిలు దిగి ఇంకో వీధి చుట్టి పోతాడు. పెళ్లి ఊరేగింపు కూడా ఆగాల్సిందే. ఒకసారి తెలియక ఒక కాలు అవతల పెట్టబోయాను, మా ఓనరమ్మ అరిచిన అరుపుకు ఆ కాలు గాల్లోనే ఆగిపోయింది.

గొడవ మొదలైంది తెల్లపొగ దగ్గరే. ఆవిరిలోంచి సున్నపు చుక్కలు ఎగిరి పోకుండా పట్టి ఆపే పలకలు టవరు పైభాగంలో ఉంటాయి. అవి పూడుకుపోయాయి. మార్చమని నేను మొత్తుకున్నాను. చూద్దాం అన్నారు. వాళ్లు చూస్తుండగా చుక్కలు ఎగిరివెళ్లి నేతగాళ్ల నల్లనూలు మీద, ఎర్రనూలు మీద తెల్లగా పడ్డాయి. వీధి పెద్దమనుషులు గేటు దగ్గరికొచ్చారు. న్యాయమైన ఫిర్యాదు. పలకలు మార్చండి అని అడగడం వాళ్లకు తెలియదు కదా, కనబడిందే చెప్పారు. ఈ పొగ మాకొద్దు, ఆపండి అన్నారు.

మా మేనేజరు మంచి మాటకారి. ఎవరి మీదా గొంతు పెంచడు, ఎదుటివాడు తిట్టినా నవ్వుతాడు. పొగ ఆపుతానని అక్కడికక్కడే మాటిచ్చాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు కుదిరింది ఆయనకు. మరమ్మతు కోసమని పొగను టవరులోకి పోనీకుండా నేరుగా గొట్టంలోకి మళ్లించే పక్కదారి ఒకటుంటుంది. దాని తలుపు తెరిచారు, సున్నపు జల్లు కట్టేశారు. కడగని పొగ వేడిగా, పొడిగా, కంటికి కనబడకుండా పోసాగింది. గొట్టం మీద ఆకాశం నీలంగా మెరిసింది. నేను ఆయన గదికి పోయి ఇది పొగ ఆపడం కాదు, విషాన్ని కనబడకుండా చేయడం అన్నాను. ఆయన నాకు టీ తెప్పించాడు.

“ప్రజలే అడిగారు కదండీ, ప్రజల మాట కాదని మనం పొగ ఎలా వదులుతాం?” అన్నాడు.

ఆ టీ తాగకుండా వచ్చేశానని ఇన్నేళ్ల తర్వాత గొప్పగా చెప్పుకోవడం తప్ప ఆ రోజు నేను చేయగలిగింది లేదు. తోటి ఇంజనీర్లకు చెప్పాను. ఒకాయన తన పిల్లల చదువుల గురించి చెప్పాడు, ఇంకొకాయన తనకు రాబోయే ప్రమోషన్ గురించి చెప్పాడు. కొలిమి గురించి ఎవరూ మాట్లాడలేదు. సున్నం లారీలు ఆగిపోయాయి. భాయ్‌ను టైల్స్ పెట్టెలు మోయడానికి పంపారు. అన్నిటికన్నా మండిపోయేదేమంటే, వీధి వాళ్లు మేనేజరును పిలిచి చిన్న సభ పెట్టి, తాము నేసిన కండువా ఆయన మెడలో వేశారు. ఆయన చేతులు జోడించి, ఈ ఊరి గాలి నా బాధ్యత అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో మా ఓనరమ్మా ఉంది.

ఆ సాయంత్రమే ఆమెకు చెప్పాను. ఇప్పుడొచ్చేదే అసలు పొగ, కనబడదు అంతే, తడి పడుగును అది తింటుంది అన్నాను. ఆమె కండె చుట్టే రాట్నం ఆపలేదు.

“కనపడే పొగ మంచిది, కనపడని పొగ చెడ్డది అంటాండావు. ఇదేం మాటన్నా? నీ మిసను ఆపినారని కడుపుమంటతో చెప్తాండావేమో అనుకుంటాండారు వీధిలో” అంది.

తిట్టలేకపోయాను. కనబడనిదాన్ని నమ్మమనడం దేవుడి విషయంలో చెల్లుతుందేమో గాని గంధకం విషయంలో చెల్లదు.

నూలు ఒక్క రోజులో తెగదు. అదే దాని దొంగతనం. పొద్దున పరిచిన తడి పడుగులో ఆమ్లం చేరుతుంది, ఆరుతుంది. పడుగు మగ్గానికెక్కుతుంది, పైకి బాగానే ఉంటుంది. నాలుగు మూరలు నేశాక ఒక పోగు తెగుతుంది. అతుకుతారు. పక్కది తెగుతుంది. అడ్డపోగును బిగించడానికి అచ్చు కొట్టినప్పుడల్లా పుటుక్కుమంటుంది. మా ఓనరమ్మ మగ్గం సరిగ్గా నా గది కిందే ఉండేది కాబట్టి నాకు అన్నీ వినబడేవి. మగ్గం శబ్దం నడిచినంతసేపు ప్రాణం హాయిగా ఉండేది, ఆగితే మళ్లీ తెగిందని తెలిసేది. రానురాను నడవడం కన్నా ఆగడం ఎక్కువైంది. మొదట ఆమె గంజిని తిట్టింది, తర్వాత కూతుర్ని తిట్టింది, తర్వాత నాసిరకం నూలిచ్చాడని సావుకారును తిట్టింది. సావుకారు ఊరుకుంటాడా, నీకు చెయ్యి తిరగడం లేదన్నాడు. ఇంకొక్క పడుగు ఇస్తా, అదీ ఇట్లే అయితే నూలు లేదన్నాడు. చిన్నప్పటినుంచి నేస్తున్న మనిషితో అన్న మాట అది.

ఆ చివరి పడుగు నూలు ఇంటికి తెచ్చుకున్న రోజు ఆమె మెట్లెక్కి నా గది గడప దగ్గర నిలబడింది.

“అన్నా, నువ్వు ఆ పొద్దు చెప్పింది మళ్లొకసారి చెప్పు” అంది.

చెప్పాను. ఈసారి మాటలతో సరిపెట్టలేదు. నిమ్మకాయ కోసి మెట్ల బండ మీద పిండి, నురుగు చూపించాను. బండలోని సున్నం పులుపును ఎలా పట్టుకుంటుందో మా టవరులో సున్నం కూడా అలానే పట్టుకునేదని, ఇప్పుడు పట్టుకునేది లేక ఆ పులుపంతా నీ నూలుకే చేరుతోందని చెప్పాను. ఆమె నురుగు ఆరిపోయేదాకా చూసింది. బండ మీద తెల్లమచ్చ మిగిలింది. కిందికి దిగి, తడిక తలుపు తెరుచుకొని పక్కింటికి పోయింది, అక్కడినుంచి దాని పక్కింటికి.

మర్నాడు తెల్లవారుతూ నేను డ్యూటీకి పోయేసరికి ఫ్యాక్టరీ గేటు ముందు రోడ్డుకు అడ్డంగా పడుగు పరిచి ఉంది.

నా ఉద్యోగ జీవితంలో ధర్నాలు చూశాను, టైర్లు కాల్చడం చూశాను, రాళ్లు చూశాను. అంత నెమ్మదైన బందు ఎన్నడూ చూడలేదు. ఈ చివర కొయ్యకు, ఆ చివర కొయ్యకు కట్టి ఆడవాళ్లు గంజి పట్టిస్తున్నారు, మగవాళ్లు కుంచెతో దువ్వుతున్నారు. నినాదాల్లేవు. లోపలికి రావాల్సిన బొగ్గు లారీలు ఆగిపోయాయి, బయటికి పోవాల్సిన టైల్స్ లారీలు ఆగిపోయాయి. సెక్యూరిటీ వాళ్లు డ్రైవర్లను తోలమన్నారు. ముందున్న లారీ డ్రైవరు ఈ పక్క ఊరివాడే. ఇంజను ఆపేసి కిందికి దిగాడు.

“పడుగు మీద బండి పోనీను సార్. కావాలంటే తాళాలు తీసుకోండి” అన్నాడు.

మేనేజరు వచ్చాడు, నవ్వుతూనే. ఏం కావాలమ్మా అన్నాడు. మా ఓనరమ్మ చేతిలో గంజి ముంత ఉంది. దాన్ని కింద పెట్టకుండానే చెప్పింది.

“మా పొగ మాకు ఇడిసిపెట్టండి.”

ఆయన నవ్వు మొదటిసారి కొంచెం వంకరపోయింది. మీరే కదమ్మా వద్దన్నారు అని, జనం వైపు తిరిగి, అర్థం లేకుండా మాట్లాడితే ఎలా, ఏ ఫ్యాక్టరీ ముందైనా ఎవరైనా పొగ కావాలని అడుగుతారా అన్నాడు. కొందరు తలలు దించుకున్నారు. అప్పుడాయన చేసిన తప్పు ఒకటే, సాక్ష్యానికి నన్ను పిలిచాడు. మన స్క్రబ్బరు ఇన్‌చార్జిగారే ఇక్కడున్నారు, ఆయననే అడగండి, గాలి శుభ్రంగా ఉందో లేదో అన్నాడు. జీతం ఇచ్చే చేతికి నోరు అమ్ముడుపోయి ఉంటుందని ఆయన లెక్క.

నేను పడుగు పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు కండువా వేసిన నాటికే ఈ పొగను కడగడం ఆపేశారు. పలకలు మార్చి సున్నపు జల్లు పెడితే చుక్కలూ పడవు, నూలూ తెగదు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆ రోజు కండువా వేసింది వీధి పెద్దమనిషే. ఆయన మేనేజరు మొహంలోకి చూసి, కుంచె తీసుకొని పడుగు దువ్వడంలో పడ్డాడు. ఎండెక్కింది. లారీల వరస పెరిగింది. మధ్యాహ్నానికి మేనేజరు ఒప్పుకున్నాడు.

పలకలు మారాయి. జల్లు మొదలైంది. గొట్టం మీద తెల్లపొగ లేచిన పూట వీధి వీధంతా మిద్దెలెక్కి చూసింది. మా ఓనరమ్మ మురిసిపోయి, చూడన్నా, ఎంత చిక్కగా వస్తాండాదో అంది. నేనూ మురిసిపోయాను. తెల్లపొగ కనబడినంతకాలం మీకు భయం లేదు, అది కనబడని రోజు మాత్రం పడుగు పరచొద్దు అని వీధి చివర అరుగు మీద కూర్చొని అందరికీ చెప్పాను. సావుకారు చివరి పడుగు గండం గడిచింది. చీరలు దిగాయి, మళ్లీ నూలు వచ్చింది. నాకు మాత్రం స్క్రబ్బరు పోయింది. నన్ను గోడౌనుకు మార్చి, రిటైరయ్యేదాకా టైల్స్ పెట్టెల దగ్గర కూర్చోబెట్టారు. దానికి నాకు బాధ లేదు. భాయ్‌ను తిరిగి సున్నం దగ్గరికి పంపారు కదా అనుకున్నాను.

రిటైరై గది ఖాళీ చేసే రోజుల్లో బస్టాండు దగ్గర టీ అంగట్లో భాయ్ కనబడ్డాడు. రెండు టీలు చెప్పాను. ఆయన గ్లాసు అందుకొని వేళ్లతో పట్టుకున్నాడు. అందరిలాగే, మూడు వేళ్లతో. నేను ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయాను. బీటలు లేవు. తోలు కలిసిపోయి నున్నగా ఉంది.

“చేతులు బాగయినాయే భాయ్” అన్నాను.

ఆయన గ్లాసు వైపు చూశాడు, తర్వాత రోడ్డు వైపు.

“సున్నం ముట్టక నెల దాటింది సార్. ఉత్త నీళ్లు కొడుతున్నారు” అన్నాడు.

ఉత్త నీళ్లు. తిరిగిన నీళ్లే మళ్లీ మళ్లీ తిరిగి పుల్లబడిపోతాయి, ఆమ్లాన్ని పట్టుకొనే శక్తి వాటికి ఉండదు. కానీ ఆవిరి మాత్రం వస్తుంది. తెల్లగా, చిక్కగా, మిద్దెలెక్కి చూసుకునేంత అందంగా. ఆ వీధికి తెల్లపొగను నమ్మడం నేర్పింది నేను, ఆ నమ్మకాన్ని వాడుకొని వీధికి తెల్లపొగ మాత్రమే ఇచ్చింది ఫ్యాక్టరీ వాళ్లు. సున్నం కరువొచ్చిందా అంటే, తవ్వితే సున్నపురాయి తప్ప ఇంకేమీ దొరకని నేల ఇది. ఇంటి గచ్చు సున్నపురాయి, పశువుల కొట్టం సున్నపురాయి, పొలం గట్టు సున్నపురాయి. ఈ సీమలో కూర్చొని సున్నానికి పిసినారితనం చేసేవాడు సముద్రం ఒడ్డున ఉప్పు దొంగిలించేవాడి కన్నా నీచుడు. ఆ రోజు టీ అంగట్లో నా నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను.

నేను వీధికి పోయేసరికి మా ఓనరమ్మ గంజి ముంతలు కడిగి బోర్లిస్తోంది. చెప్పాను. ఆమె తలెత్తి గొట్టం వైపు చూసింది. పొగ దండిగా వస్తోంది.

“పొగొస్తాండాది కదన్నా” అంది. తర్వాత తానే, “అయితే దేన్ని సూసి నమ్మాలన్నా?” అంది.

భాయ్ చేతుల సంగతి చెప్పాను. జవాబు ఆమెకు దానిలో దొరికింది. మర్నాడు పడుగు మళ్లీ గేటు ముందుకు పోయింది, వీధి ఈసారి పొగ అడగలేదు. సున్నం అడిగింది. లారీ వచ్చేదాకా పడుగు ఎత్తలేదు.

ఇప్పుడు నేను కడపలో ఉంటున్నాను. అప్పుడప్పుడు ఆ ఊరికి పోతుంటాను. ఫ్యాక్టరీ గేటు మీద ఇప్పుడు గాలి లెక్కలు చూపించే తెర ఒకటి పెట్టారు, దాంట్లో అంకెలు ఎప్పుడూ పచ్చరంగులోనే వెలుగుతుంటాయి. ఆ వీధిలో దాన్ని చూసేవాళ్లు ఒక్కరూ లేరు. పొద్దున పని దిగి సైకిలు మీద వచ్చే సున్నం భాయ్ వీధి మొదట్లో ఆగి, రెండు అరచేతులూ పైకెత్తి చూపిస్తాడు. అవి తెల్లగా, బీటలు వారి ఉంటే పడుగు పరుస్తారు.

పోయినసారి కడప నుంచి మంచి గ్లౌజులు కొనుక్కుపోయాను, దళసరివి, మోచేతుల దాకా వచ్చేవి. భాయ్ వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు, బాగున్నాయన్నాడు. జాగ్రత్తగా మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

“వద్దు సార్. ఇవి ఏసుకుంటే చేతులు బాగవుతాయి. చేతులు బాగయితే వీళ్లు పడుగు పరచరు” అన్నాడు.